సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోతోందా? కారు సొలినాయిడ్‌ను ఇంట్లో బాగుచేసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో స్టార్టర్ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బోరు మోటారు పెట్టె. కారులో ఉండేదాన్ని ఇక్కడ అందరూ సెల్ఫ్ అనే అంటారు. నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి కాలిన కాయిళ్లు, నల్లబడిన పాయింట్ల మధ్యే బతుకు. నేను కారు మెకానిక్‌ని కాను. కానీ నా పాత మారుతి 800 సెల్ఫ్‌ను మూడుసార్లు దించాను, చుట్టాల బళ్లవి ఇంకొన్ని దించాను. ఆ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచి, బోరు మోటారు తెచ్చిన రైతు కూడా పని అయిపోయాక "మా కారు టక్కుమంటోందన్నా" అని మొదలుపెడతాడు. అందరూ అడిగేవి అవే కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను.

ఒక మాట ముందే చెప్తాను. సొలినాయిడ్ పోయిందని నా దగ్గరికి తెచ్చిన వాటిలో ఎక్కువ బళ్లకు సొలినాయిడ్ బాగానే ఉంది. పోయింది బ్యాటరీ టెర్మినలో, బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్ బాడీకి కలిపే ఎర్త్ వైరో. అందుకే విప్పడం కన్నా కొలవడం గురించే ఇక్కడ ఎక్కువ ఉంటుంది. ఓపిక లేనివాళ్లు నేరుగా పానా పట్టుకుంటారు, వాళ్లని ఆపడం నా వల్ల కాదు.

సొలినాయిడ్ అంటే ఏంటి? అది చేసే పనేంటి?

బోరు స్టార్టర్ పెట్టె మూత తీసి చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్‌లో కాయిల్ అయస్కాంతమై ఇనప దిమ్మెను లాగుతుంది, పాయింట్లు కలుస్తాయి, మోటారుకు కరెంటు పోతుంది. కారు సెల్ఫ్ మోటారు నెత్తిన సిగరెట్ ప్యాకెట్ కన్నా కొంచెం పెద్దగా, గుండ్రంగా కూర్చున్న డబ్బా కూడా అదే పని చేస్తుంది. తాళం తిప్పినప్పుడు సన్న వైరులో వచ్చే చిన్న కరెంటుతో, బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్‌ను మోటారుకు కలుపుతుంది. చిన్న పెట్రోలు కారుకే సెల్ఫ్ వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది, డీజిల్ బళ్లకు ఇంకా ఎక్కువ. అంత కరెంటు తాళం స్విచ్ గుండా పోతే స్విచ్ మాడి మసైపోతుంది.

దీనికి ఇంకో పని కూడా ఉంది. లోపలికి లాగిన ఇనప కడ్డీ, ఒక ఫోర్కును తోస్తుంది. ఆ ఫోర్కు బెండిక్స్‌ను, అంటే చిన్న పళ్ల చక్రాన్ని, ముందుకు జరిపి ఇంజిన్ ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం పళ్లలో దూరుస్తుంది. పళ్లు కలిశాకే పాయింట్లు కలిసేలా వరుస పెట్టారు.

లోపల ఒకటి కాదు, రెండు కాయిళ్లు ఉంటాయి. ఒకటి లాగే కాయిల్, లావు తీగ. రెండోది పట్టి ఉంచే కాయిల్, సన్న తీగ. మొదట రెండూ కలిసి లాగుతాయి. పాయింట్లు కలవగానే లాగే కాయిల్‌కు రెండు చివర్లా 12 వోల్టులే వచ్చి అందులో కరెంటు ఆగిపోతుంది. ఆ తర్వాత పట్టి ఉంచే కాయిల్ ఒక్కటే కడ్డీని నిలబెడుతుంది. దీన్ని ఎవరు ఆలోచించారో కానీ, నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: లాగే కాయిల్ ఎర్త్ అందుకునేది మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల గుండానే. దీని అవసరం తర్వాత వస్తుంది.

నా కారు ఒక్కసారి టక్కుమంటుంది, మా బావమరిది కారు టకటకటకమంటుంది. రెండూ ఒకటేనా?

కాదు. చప్పుడే సగం రోగం చెప్తుంది.

టకటకటక అని వరుసగా కొట్టుకుంటే మొదటి అనుమానం బ్యాటరీ మీదే పెట్టుకోవాలి. ఎండాకాలం సాయంత్రం లో వోల్టేజీ ఉన్నప్పుడు బోరు కాంటాక్టర్ గుర్రుమని వణకడం చూసే ఉంటారు. ఇదీ అదే. కాయిల్ లాగుతుంది, పాయింట్లు కలవగానే మోటారు ఉన్న కరెంటంతా లాగేసుకుంటుంది, వోల్టేజీ పడిపోతుంది, కాయిల్ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది. బ్యాటరీ బాగుండి, టెర్మినళ్లు గట్టిగా ఉండి కూడా ఇలాగే కొట్టుకుంటే, అప్పుడు పట్టి ఉంచే కాయిల్ తెగిందేమో చూడాలి.

ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగిపోతే కడ్డీ లాగింది కానీ మోటారు తిరగలేదని అర్థం. లోపల రాగి పాయింట్లు మాడి ఉండొచ్చు, మోటారు పట్టేసి ఉండొచ్చు, బ్యాటరీ కూడా కావొచ్చు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ టక్కుమంటే కరెంటు మోటారుదాకా పోవడం లేదు, పాయింట్ల మీద అనుమానం పెంచుకోవచ్చు. లైట్లు దీపంలా కొండెక్కితే బ్యాటరీ, కేబుళ్లు, లేదా పట్టేసిన మోటారు.

ఏ చప్పుడూ లేకపోతే సన్న వైరుకు కరెంటు రావడం లేదేమో. ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), తాళం స్విచ్, క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే బళ్లలో క్లచ్ దగ్గరి స్విచ్, ఆటోమేటిక్ గేరు బళ్లలో న్యూట్రల్ స్విచ్. బ్రష్‌లు పూర్తిగా అరిగినా ఇలాగే నిశ్శబ్దంగా ఉండొచ్చు. లాగే కాయిల్ ఎర్త్ బ్రష్‌ల గుండా అని పైన చెప్పింది ఇందుకే. కొత్త సొలినాయిడ్ వేసినా పలకడం లేదని తల పట్టుకున్నవాళ్లను చూశాను. తప్పు బ్రష్‌లది, డబ్బులు పోయింది సొలినాయిడ్‌కు.

మల్టీమీటర్ ఉంది. ఎక్కడ పెట్టి చూడాలి?

మామూలు మీటరు చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టుకోండి. రెండో మనిషి తాళం తిప్పాలి, కారు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలి.

మొదట బ్యాటరీ. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12కి దిగితే ముందు చార్జింగ్ పెట్టించి, తర్వాతే మిగతా సంగతి మాట్లాడండి. సెల్ఫ్ కొడుతుండగా 9.6కి కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ ముసలిదైపోయింది, లేదా మోటారు బిగుసుకుని ఎక్కువ లాగుతోంది.

తర్వాత కేబుళ్లు. మీటరు ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ దిమ్మె మీద, నల్ల తీగ సొలినాయిడ్ మీద కేబుల్ వచ్చే లావు బోల్ట్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆ కేబుల్‌లోనో, దాని కొసల్లోనో కరెంటు వృథా అవుతోంది. అలాగే బ్యాటరీ మైనస్ దిమ్మె నుంచి ఇంజిన్ బాడీకి కూడా చూడండి, అక్కడ 0.3 దాటకూడదు. మన దగ్గర నేను ఎక్కువగా పట్టుకున్న దొంగ ఈ ఎర్త్ వైరే. బ్యాటరీ దగ్గర మెరుస్తూ ఉంటుంది, గేర్‌బాక్స్ దగ్గర బోల్ట్ కింద మాత్రం దుమ్ము, ఆయిలు, తుప్పు కలిసి మడ్డిలా పేరుకుని ఉంటుంది. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోవాలి.

ఇక సొలినాయిడ్. దాని మీద రెండు లావు బోల్ట్‌లు, ఒక సన్న టెర్మినల్ ఉంటాయి. బ్యాటరీ కేబుల్ వచ్చేది 30, తాళం నుంచి సన్న వైరు వచ్చేది 50. చాలా వాటి మీద ఈ అంకెలు పోతపోసి ఉంటాయి. మిగిలిన లావు బోల్ట్ నుంచి జడలాంటి రాగి తీగ మోటారులోకి పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 50 దగ్గర, బాడీకి కొలిస్తే, 10 వోల్టులకు పైగా రావాలి. వచ్చి కూడా కడ్డీ లాగకపోతే కాయిలో బ్రష్‌లో. టక్కుమంది, 30 దగ్గర 12 ఉంది, కానీ మోటారు వైపు బోల్ట్ దగ్గర సున్నాకి దగ్గరగా ఉంది అంటే పాయింట్లు మాడాయి. మోటారు వైపు కూడా 10 వోల్టులు వస్తూ తిరగకపోతే సొలినాయిడ్‌ను తిట్టకండి, తప్పు మోటారుది.

ఈ నాలుగు కొలతలకు పావుగంట పడుతుంది. సెల్ఫ్ దించి ఎక్కించడానికి సగం రోజు.

పొద్దున ఒక్క కొట్టుకే అందుకుంటుంది. మధ్యాహ్నం హైవే మీద టీ తాగడానికి పది నిమిషాలు ఆపితే మళ్లీ పలకదు. గంట ఆగితే మామూలే. ఇదేం మాయ?

మాయ కాదు, వేడి. ఏప్రిల్, మే నెలల్లో మనకు 40 డిగ్రీలు మామూలే. దాని మీద, నడిచిన ఇంజిన్‌ను ఆపగానే గాలి, రేడియేటర్ నీళ్ల తిరుగుడు రెండూ ఆగిపోయి, బానెట్ కింద వేడి తగ్గకపోగా ఇంకాస్త పెరుగుతుంది. సెల్ఫ్ ఆ ఇంజిన్‌కే అతుక్కుని ఉంటుంది.

రాగి తీగ ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాని నిరోధం సుమారు 0.4 శాతం పెరుగుతుంది. పొద్దున 25 డిగ్రీల్లో ఉన్న కాయిల్ మధ్యాహ్నం 105 డిగ్రీలకు చేరితే నిరోధం 30 శాతానికి పైగా పెరిగినట్టే. ఆ మేరకు కాయిల్ లాగే బలం తగ్గుతుంది. కొత్త బండి ఇది తట్టుకుంటుంది. కానీ తాళం స్విచ్ పాతబడి, 50 దగ్గరికి వచ్చే 12 వోల్టులు 9 అయిన బండిలో, కడ్డీ మురికి పట్టి బిగుతుగా కదులుతున్న బండిలో, ఈ 30 శాతమే ఆఖరి దెబ్బ.

కాబట్టి ఈ రోగాన్ని వేడిగా ఉన్నప్పుడే కొలవాలి. చల్లబడ్డాక తెచ్చి చూపిస్తే నాకూ అంతా బాగానే కనిపిస్తుంది. కదిరి నుంచి పెళ్లి చూసుకుని వస్తూ నేనూ ఇలాగే చిక్కుకున్నాను. చుట్టాలంతా బస్సెక్కి పోయారు, నేను వేపచెట్టు కింద కారు చల్లారేదాకా కూర్చున్నాను. అంతకు నెల ముందే ఒక మెకానిక్ సెల్ఫ్ మొత్తం మార్చాలని చెప్పి మార్చాడు కూడా. ఇంటికొచ్చి మరుసటి రోజు మధ్యాహ్నం ఎండలోనే కొలిస్తే, 50 దగ్గరికి వస్తున్నది 8.4 వోల్టులు. తప్పు తాళం స్విచ్‌ది.

అలాంటప్పుడు రిలే పెడితే సరిపోతుందంటారు. నిజమేనా?

పాత బళ్లకు మంచి ఉపాయం. సొలినాయిడ్ లాగే ఆ క్షణంలో 50 వైరులో 20, 30 ఆంపియర్లు పోతాయి. అదంతా తాళం స్విచ్ గుండా, డాష్‌బోర్డ్ కింద మీటర్ల కొద్దీ వైరు గుండా రావాలి. నాలుగు కాళ్ల కారు రిలే ఒకటి సెల్ఫ్‌కు దగ్గరగా పెడితే తాళం స్విచ్‌కు రిలే కాయిల్‌ను లేపే పని ఒక్కటే మిగులుతుంది. తాళం నుంచి వచ్చే పాత వైరు రిలే 86కి, రిలే 85 బాడీకి, రిలే మీది 30కి బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజుతో కొత్త వైరు, రిలే 87 నుంచి సొలినాయిడ్ 50కి. వైరు సన్నది వేయకండి, 4 చదరపు మిల్లీమీటర్లది వేయండి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. ఫ్యూజు లేకుండా చేసేట్టయితే అసలు చేయకండి. కొత్త బళ్లలో కంపెనీవాళ్లే రిలే పెట్టి ఇస్తున్నారు, ఇంకోటి అక్కర్లేదు.

సుత్తితో సెల్ఫ్ మీద కొడితే స్టార్టవుతోంది. ఇలాగే నడపొచ్చా?

ఇంటిదాకా నడపండి. కొడితే లోపల అతుక్కున్న బ్రష్ కదులుతుంది, లేదా మాడిన పాయింట్ కొంచెం జరిగి కొత్త చోట తగులుతుంది. అంతకుమించి ఏమీ బాగుపడదు. కొట్టేదీ చెక్క పిడితో, మెల్లగా. ఇప్పటి చాలా సెల్ఫ్‌లలో ఫీల్డ్ కాయిల్ బదులు శాశ్వత అయస్కాంతాలు అతికించి ఉంటాయి. గట్టిగా కొడితే అవి పగిలి, మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌లో ఇరుక్కుంటాయి.

స్క్రూడ్రైవర్‌తో రెండు బోల్ట్‌లు కలిపితే తిరుగుతుందని లారీ డ్రైవర్లు చేస్తుంటారు. మనం చేయొచ్చా?

రెండు లావు బోల్ట్‌లను కలపడం మాత్రం వద్దు. వందల ఆంపియర్లు స్క్రూడ్రైవర్ గుండా పోతాయి, కొస కరిగి కళ్లల్లో పడుతుంది. పైగా మోటారు ఊరికే తిరుగుతుంది తప్ప బెండిక్స్ ముందుకు రాదు, ఇంజిన్ తిరగదు. పరీక్ష కోసమైతే 30 నుంచి 50కి ఒక వైరు ముక్కతో క్షణం సేపు తాకించొచ్చు. అదీ గేరులో లేదని రెండుసార్లు చూసుకున్నాకే. గేరులో ఉన్న కారు సెల్ఫ్ తోనే ముందుకు దూకుతుంది. దాని ముందు మీరే నిలబడి ఉంటారు. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాని దగ్గర నిప్పురవ్వ రాకూడదు.

సరే, కొలిచాను, సొలినాయిడే. దించడానికి ముందు ఏం చూసుకోవాలి?

బ్యాటరీ మైనస్ మొదట తీయాలి, అన్నీ అయ్యాక ఆఖరున పెట్టాలి. సొలినాయిడ్ మీది లావు కేబుల్‌లో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, మధ్యలో ఫ్యూజు కూడా ఉండదు చాలా బళ్లలో. పానా ఒక కొస అక్కడ, ఇంకో కొస బాడీకి తగిలితే వెల్డింగే. చేతి ఉంగరం, వాచీ తీసి జేబులో పెట్టుకోండి.

కొన్ని కార్లకు బానెట్ తెరిచి పైనుంచే చెయ్యి అందుతుంది. కొన్నిటికి కిందికి దూరాలి. దూరాల్సి వస్తే జాకీని ఒక్కదాన్నే నమ్మి దూరకండి, స్టాండ్లు పెట్టండి. జాకీ కింద తాడిపత్రి బండ వేస్తే గట్టిగా ఉంటుందని మనవాళ్ల నమ్మకం. నాపరాయి ఇంటి అరుగుకు మంచిదే, ఒకేచోట బరువు పడితే మాత్రం చెప్పకుండా పగులుతుంది. మందమైన తుమ్మ చెక్క వేయండి.

చిన్న కార్లకు 10, 12, 14 పానాలు ఎక్కువగా సరిపోతాయి. విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. లావు బోల్ట్ నట్టు తిప్పేటప్పుడు బోల్ట్ కూడా తిరుగుతోందేమో చూడాలి. తిరిగితే లోపల అతుకు తెగుతుంది, బేకలైట్ మూత చిట్లుతుంది. నా మొదటి సొలినాయిడ్‌ను చంపింది ఎండా కాదు, మాడిన పాయింట్లూ కాదు, నా చేతిలోని 12 నంబరు పానా. తుప్పు పట్టిన నట్టుకు ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిలు కొట్టి పెట్టండి.

దించాక విడిగా ఎలా పరీక్షించాలి?

సొలినాయిడ్‌ను మోటారు నుంచి వేరు చేసి, కడ్డీ, స్ప్రింగు దానిలోనే ఉంచి చూడాలి. బ్యాటరీ ప్లస్‌ను 50కి ఇవ్వండి. మైనస్‌ను మోటారు వైపు బోల్ట్‌కు, డబ్బా బాడీకి, రెండిటికీ ఇవ్వండి. కడ్డీ టక్కున లోపలికి పోవాలి. అలా ఉండగానే మోటారు వైపు బోల్ట్ నుంచి మైనస్ తీసేయండి. కడ్డీ లోపలే నిలబడితే పట్టి ఉంచే కాయిల్ బాగున్నట్టు. బయటికి వచ్చేస్తే అది తెగింది. ఇప్పుడు బాడీ నుంచి కూడా తీస్తే స్ప్రింగు తోసేసి కడ్డీ వెంటనే వెనక్కి రావాలి. మెల్లగా వస్తే మురికి. మొత్తం మూడు, నాలుగు సెకన్లలో ముగించాలి, లాగే కాయిల్ అంతకుమించి ఉంచితే వేడెక్కుతుంది.

ఓమ్ మీటరుతో కాయిల్ కొలిచి తేల్చేద్దామనుకోకండి. ఆ కాయిళ్ల నిరోధం ఒక ఓమ్, అంతకన్నా తక్కువ. చవక మీటరు తీగలకే సగం ఓమ్ చూపిస్తుంది. తెగిందా లేదా అన్నంతవరకే అది పనికొస్తుంది.

మూత తెరవొచ్చా? పాయింట్లు బోరు స్టార్టర్‌కు రుద్దినట్టే రుద్దొచ్చా?

మూతకు స్క్రూలు ఉంటే తెరవొచ్చు. అంచు మడిచి నొక్కేసిన రకమైతే తెరవకండి, తెరిచినా మళ్లీ అలా మూయలేరు.

స్క్రూలు తీయగానే మూత లాగకండి. కాయిల్ తీగల కొసలు మూత మీది టెర్మినళ్లకు టంకం వేసి ఉంటాయి. ముందు ఆ టంకం కరిగించి తీగ కొసలు వదిలించాలి. మొబైల్ రిపేరుకు వాడే 25 వాట్ల ఐరన్ చాలదు, ఆ టెర్మినల్ వేడినంతా మింగేస్తుంది. 60 నుంచి 100 వాట్లది కావాలి. మూత వచ్చాక లోపల రెండు రాగి బోల్ట్ తలలు, వాటి మీద వచ్చి తగిలే రాగి బిళ్ల కనిపిస్తాయి. చాలాకాలం నడిచిన బండిలో తలలు ఒక అంచున గుంటపడి, నల్లగా, పూసలు కట్టినట్టు ఉంటాయి.

ఇక్కడే బోరు స్టార్టర్ అలవాటు మానుకోవాలి. అక్కడ ఎమరీ కాగితం పెట్టి నాలుగు రుద్దులు రుద్ది మూత పెట్టేస్తాం. ఇక్కడ రెండు తలలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఎక్కువ అరగదీస్తే బిళ్ల ఒరిగి ఒక వైపే తగులుతుంది, నెలలోపే మళ్లీ మాడుతుంది. మరీ ఎక్కువ గీకితే ఇంకో చిక్కు: కడ్డీ తన ప్రయాణం పూర్తిచేసి ఆగిపోతుంది, బిళ్ల మాత్రం తలలకు అందదు. టక్కుమని చప్పుడు చక్కగా వస్తుంది, మోటారు తిరగదు. రోగం మొదటికొస్తుంది. సన్న ఆకురాయితో పూసలు మాత్రం తీసి, ఆ తర్వాత 400 నంబరు కాగితంతో చదును చేస్తే చాలు.

గీకడం కన్నా నాకు ఇష్టమైన పద్ధతి తిప్పడం. బిళ్లను బోర్లా తిప్పి వేయండి, వాడని రెండో ముఖం తగులుతుంది. బోల్ట్‌లు మూత నుంచి ఊడి వచ్చే రకమైతే, వాటిని సగం చుట్టు తిప్పి బిగిస్తే మాడని అంచు బిళ్ల కిందికి వస్తుంది. కొన్ని జపాన్ రకం సెల్ఫ్‌లకు రాగి పాయింట్లు విడిగా దొరుకుతాయి, వాటికి ఈ తిప్పలేవీ లేవు, పాతవి తీసి కొత్తవి వేయడమే.

కడ్డీని, అది జారే గొట్టాన్ని పొడి గుడ్డతో మెరిసేదాకా తుడవండి. గ్రీజు పెట్టొద్దు. మన దుమ్ము సంగతి తెలిసిందే, గ్రీజుకు అంటుకుని వేసవిలో ముద్ద అవుతుంది. గ్రీజు ఫోర్కు తగిలే చోట చిటికెడు చాలు. పాయింట్ల మీద అసలే వద్దు. మూత మూసేటప్పుడు పాత రబ్బరు చిరిగి ఉంటే అంచున సిలికాన్ సన్నగా పూయండి. టంకం వేశాక ఎక్కించే ముందు పైన చెప్పిన బ్యాటరీ పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి.

కాయిల్ కాలితే మీరు వైండింగ్ చేసివ్వరా?

చేయగలను. చేయను. రెండు కాయిళ్ల చుట్ల లెక్క, తీగ మందం సరిగ్గా పట్టాలి, కాలిన దానిలో చుట్లు లెక్కపెట్టడానికే పూట పడుతుంది. సెల్ఫ్ మొత్తం ధరలో కొత్త సొలినాయిడ్ చిన్న భాగమే. నా కూలి దాన్ని దాటిపోతుంది.

కొత్తది కొనేటప్పుడు ఏం చూడాలి?

పాతదాన్ని చేత్తో పట్టుకుని పోండి. కారు పేరు చెప్తే చాలదు. ఒకే కారుకు సంవత్సరాన్ని బట్టి లూకాస్ టీవీఎస్, డెన్సో, బాష్ లాంటి వేర్వేరు కంపెనీల సెల్ఫ్‌లు ఉండొచ్చు. సెల్ఫ్ మీది పార్ట్ నంబరు చూడండి, బోల్ట్ రంధ్రాల దూరం, కడ్డీ పొడవు, కొక్కెం ఆకారం పక్కపక్కన పెట్టి పోల్చండి. కడ్డీ రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా బెండిక్స్ పూర్తిగా దూరదు, ఫ్లైవీల్ పళ్లు కొరికేస్తుంది. మారుతి 800 తయారీ 2014లోనే ఆగినా సామాన్లకు ఇప్పటికీ కొదవ లేదు. పాత సెల్ఫ్‌ల గుట్టలోంచి ఏరి ఇచ్చేదైతే, కౌంటరు మీదే బ్యాటరీ పెట్టి పరీక్షించి తీసుకోండి.

ఇంజిన్ అందుకున్నాక కూడా సెల్ఫ్ కీచుమంటూ తిరుగుతూనే ఉంది!

వెంటనే ఇంజిన్ ఆపండి. ఆపినా సెల్ఫ్ తిరుగుతుంటే బ్యాటరీ మైనస్ లాగేయండి. పాయింట్లు కలిసి అతుక్కుపోయాయి, లేదా కడ్డీ ఇరుక్కుంది, లేదా తాళం స్విచ్ వెనక్కి రావడం లేదు. రెండు నిమిషాలు అలాగే వదిలేస్తే ఆర్మేచర్ కాలుతుంది, కేబుల్ కరుగుతుంది. ఇది గీకి సరిచేసుకునే రోగం కాదు, సొలినాయిడ్ మార్చండి.

సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం కదలడం లేదు.

బెండిక్స్ లోపలి క్లచ్ జారుతోంది, లేదా ఫోర్కు విరిగింది. సొలినాయిడ్ తన పని తాను చేసింది. ఇంజిన్ కూడా తిరుగుతూ స్టార్ట్ కాకపోతే పెట్రోలు, ప్లగ్గుల వైపు చూడండి.

బటన్ నొక్కితే స్టార్టయ్యే కారుకు కూడా ఇవే పద్ధతులా?

పెనుకొండ దగ్గర 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఈ ప్రశ్న నా షాపులో బాగా వినిపిస్తోంది. సొలినాయిడ్ అదే, మోటారు అదే. దాన్ని లేపమని చెప్పేది మాత్రం కంప్యూటర్. తాళంచెవిలో బ్యాటరీ అయిపోయినా, బ్రేకు స్విచ్ చెడినా బటన్ పలకదు. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చూడటం అన్నిటికన్నా సులువైన పరీక్ష. ఆగినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ అందుకునే స్టార్ట్-స్టాప్ ఉన్న బళ్లలో, వారంటీ ఉన్న బళ్లలో వైర్లు తాకించే పని పెట్టుకోకండి.

వంకలో నీళ్లు దాటాక సెల్ఫ్ గరగరమంటోంది.

ఏడాదంతా ఎండి ఉండి ఒక్క రాత్రి వానకు పొంగే వంకలు మనవి. సెల్ఫ్ కిందుగా ఉంటుంది కాబట్టి మోకాలిలోతు నీళ్లకే మునుగుతుంది. వేడిగా ఉన్నది చల్లనీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని నీళ్లను పీల్చుకుంటుంది. రెండు రోజుల్లో కడ్డీకి, బెండిక్స్‌కు తుప్పు పడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పటిలా బండి పూర్తిగా మునిగితే సెల్ఫ్ కొట్టనే కూడదు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఉంటే సెల్ఫ్ కొట్టడంతోనే లోపల పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. మామూలుగా తడిస్తే ఆ వారంలోనే దించి, విప్పి, ఆరబెట్టి, తుడిచి ఎక్కించండి.

దారిలో ఆగిపోతే ఏం చేయాలి?

టెర్మినళ్లు చేత్తో తిప్పి చూడండి, కదిలితే రోగం దొరికినట్టే. వేడి మీద ఆగితే బానెట్ ఎత్తి అరగంట ఆగండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకండి, కొట్టిన ప్రతిసారీ అరనిమిషమైనా విరామం ఇవ్వండి. మామూలు గేరు బండి అయితే రెండో గేరులో తోసి స్టార్ట్ చేయొచ్చు, ఆటోమేటిక్ గేరు బండిని తోసి లాభం లేదు. తోసేవాళ్లు దొరికేలా ఊరు దాటకముందే ఆగిపోతే అదృష్టం.

మీ షాపుకు తెస్తే చూస్తారా?

సెల్ఫ్ దించి చేత్తో పట్టుకొస్తే చూస్తాను. మార్చి నుంచి మే దాకా మాత్రం తేవద్దు. బోర్లలో నీళ్లు దిగిపోయి మోటార్లు కాలే కాలం అది, షాపులో కాలు పెట్టడానికి చోటుండదు. నా కారే ఆ మూడు నెలలు తోసుకుంటాను.